పద్నాలుగేళ్ళ ఐదు నెలలు

కరెంటు బిల్లు వెనక పైడిరత్నం గీత గీసింది.
ఎడం పక్క పెట్రోలు బండి, కుడి పక్క హైబ్రిడ్డు.
మధ్యలో నాలుగు లక్షల తేడా
ఓడని కట్టిన మోకులా బిగుసుకుని.

లీటరుకి పదిహేను. లీటరుకి ఇరవై మూడు.
నెలకి మేం తిరిగేది తొమ్మిది వందల కిలోమీటర్లు:
మల్కాపురం నుంచి మర్రిపాలెంలో ఆమె బడి,
ఒక ఆదివారం భీమిలి,
ఎప్పుడైనా సింహాచలం కొండ.
అరవై లీటర్లు ఇటు, ముప్పై తొమ్మిది అటు.
"నూట పది వేసుకో" అన్నాను.
వేసింది.
నెలకి మిగిలేది రెండు వేల మూడు వందల పది.
దాంతో నాలుగు లక్షల్ని భాగించింది,
తొమ్మిదో తరగతికి బోర్డు మీద చేసినట్టు
శేషం కూడా వదలకుండా.

పద్నాలుగేళ్ళ ఐదు నెలలు.

పెన్నుకి మూత పెడుతూ
"వడ్డీ కలపలేదింకా" అంది.
నాకు సర్వీసు తొమ్మిదేళ్ళే ఉంది.

ఇందులో ఇంకో తిరకాసు.
నేను పెట్రోలు కాచేవాణ్ణి.
ఇరవై రెండేళ్ళుగా, మూడు షిఫ్టులూ మార్చి మార్చి.
మా వంటింటి కిటికీలో రాత్రంతా ఊగే మంట
మా రిఫైనరీ గొట్టానిదే.
చిన్నప్పుడు మా అమ్మాయి
దాన్ని నాన్న దీపం అనేది.
ఆ దీపం కింద జీతం తీసుకుంటూ
పెట్రోలు తక్కువ తాగే బండికి
డబ్బులెక్కువ పొయ్యడానికి బయల్దేరానంటే
మా సూరప్పడు
కేంటీన్లో టీ ఒలికేలా నవ్వాడు.

కంచరపాలెంలో ఎల్లాజీ
బోనెట్లోంచి తల తియ్యకుండానే చెప్పాడు:
"ఉప్పుగాలికి సదువు రాదు బావూ.
ఇది పెట్రోలు, అది బేటరీ అని సూడదు.
రెండింటినీ అడుగు నుంచి తినుకొచ్చెస్తాది.
ఆ బేటరీ గాని పోయిందనుకో,
నాకాడికి తేకు. నాకు రాదది."
రత్నం ఆ మాట కూడా రాసుకుంది,
కుడి పక్క, అంకె లేకుండా,
ఉత్త ప్రశ్నార్థకం.

అయినా సిరిపురం వెళ్ళాం.
నడిపి చూడ్డానికి డబ్బులడగరు కదా.
వెనక సీట్లో సేల్స్ కుర్రాడు రోహిణీకుమార్
టై సర్దుకుంటూ ఏవేవో చెబుతున్నాడు.
మా దారినే పోనిచ్చాను.
కాన్వెంట్ జంక్షన్లో ఎరుపు పడింది.
ముందు బొగ్గు లారీ, పక్కన కంటైనరు,
అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి.
ఇంజను ఆగిపోయింది.
కంగారుగా తాళం కోసం తడుముకున్నాను.
"అదే సార్ హైబ్రిడ్డంటే" అన్నాడు కుర్రాడు,
అని, ఎందుకో తనూ ఊరుకున్నాడు.

కంప్రెసర్ల పక్కన సగం అరిగిపోయిన ఎడం చెవి నాది.
రత్నం కూర్చునేది అటే.
ఆ ఖాళీలోకి
సన్నగా ఏదో కూత.
ఏసీ అనుకున్నాను.
కాదు.
ఆమె ఛాతీలోంచి, ఊపిరి వదిలినప్పుడల్లా
పిల్లికూతలు.

"ఎప్పణ్ణుంచి?"
"రెండేళ్ళయింది. చెప్పేను కదా."

చెప్పే ఉంటుంది.
పాత బండి రొదలో, మిక్సీ రొదలో,
నైట్ షిఫ్టు దిగొచ్చిన నా గురకలో
చెప్పే ఉంటుంది.
డాబా మీద ఆరేసిన చీరల మడతల్లో
రోజూ నల్లగా దొరికే పొడిని
ఆమె దులిపేది గానీ
ఏ గడిలోనూ రాయలేదు.

పెట్రోలు బండే కొన్నాం.
లెక్క లెక్కే.
మిగిలిన దాంట్లోంచి మొదటి ఖర్చు
రామ్‌నగర్లో ఊపిరితిత్తుల డాక్టరు.

ఇప్పుడు కాన్వెంట్ జంక్షన్లో ఎరుపు పడగానే
తాళం నేనే తిప్పుతున్నాను.
"స్టార్టరు పాడైతే అదో ఖర్చు" అంటుంది రత్నం.
ఆ నాలుగు మాటల్లో
ఎక్కడ ఆగి గాలి పీల్చుకుందో చూసుకుంటాను.
సిగ్నలు మీద అంకె ఎనభై నుంచి దిగుతుంటుంది.
వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి వేసేలోగా
ఎడం చెవి
కొంచెం అటు వంచుతాను.